రుమైథియాలో శుక్రవారం దీపాలు

పనేమిటో ముందు చెబుతాను

మా వీధిలో నర్సింగ్ పాసైన పిల్ల ఒకతి మొన్న మా ఇంటికొచ్చి, "ఆంటీ, కువైట్‌లో హోమ్ నర్సు పని వచ్చింది. అక్కడ ఏం చేయించుకుంటారు?" అని అడిగింది. పాలకొల్లు చుట్టుపక్కల నర్సింగ్ చదివి గల్ఫ్ విమానం ఎక్కే ప్రతి అమ్మాయీ నన్ను అడిగేది ఇదే. చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. అందుకే రాసిపెడుతున్నాను. జీతం, కాంట్రాక్టు, వీసా సంగతులు ఏజెంటు చెబుతాడు. అందులో సగం అబద్ధాలుంటాయి, ఏ సగమో అక్కడ దిగాక మీకే తెలుస్తుంది. నేను చెప్పేది పని సంగతి.

బీపీ చూసి, మాత్ర ఇచ్చి, కుర్చీలో కూర్చోవడం హోమ్ నర్సు పని అనుకుంటే అంతకన్నా భ్రమ లేదు. ఒక ముసలావిడ ఒంటిని తెచ్చి మీ చేతుల్లో పెడతారు. స్నానం చేయించాలి, పక్క తిప్పాలి, వీపు మీద పుండు పడకుండా చూసుకోవాలి. ఆవిడకు విరేచనం కాకపోతే ఆ రోజు మీకు వేరే లోకం ఉండదు. కొన్నాళ్ళకు ఆవిడ ఒంటి మీద ఏ మచ్చ ఎక్కడుందో కన్నకూతురికంటే మీకే బాగా తెలుస్తుంది. ఇంకొన్నాళ్ళకు ఆ ఇంటి గుట్టంతా మీ ఒళ్ళో వచ్చి పడుతుంది. దాన్ని ఏం చేయాలో ఏ కాలేజీలోనూ చెప్పరు.

నాకు చెప్పింది ఒక హెడ్ నర్సు.

హెడ్ నర్సు

నేను మొదట చేరింది ఫహాహీల్‌లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో. మా హెడ్ నర్సు కేరళావిడ. పండక్కి సెలవులన్నీ తన ఊరివాళ్ళకే ఇచ్చుకునేది. మాకు మిగిలేవి ఎండలూ నైట్ డ్యూటీలూ. ఆ విషయంలో ఆవిడను నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ పనిలో ఆవిడంత నిక్కచ్చి మనిషిని మళ్ళీ చూడలేదు.

అబూ హలీఫాలో ఉండే కడప డ్రైవరొకాయన దగ్గుతో మా వార్డులో చేరాడు. అన్నం తెచ్చిన అతని గది మనిషితో మాలో ఒకమ్మాయి, పాపం మంచికే, "టీబీలాగా ఉంది, కాస్త దూరంగా ఉండండి" అంది. సాయంత్రానికల్లా అతని పరుపు గది బయట పడింది. మర్నాడు కఫీల్ వచ్చి, అదే వీసా ఇచ్చిన యజమాని, ఇతన్ని ఇంటికి పంపేస్తానని కూర్చున్నాడు. తీరా చూస్తే అది న్యుమోనియా. మందులకు తగ్గిపోయింది. ఉద్యోగం మాత్రం పోయింది.

హెడ్ నర్సు ఆ అమ్మాయిని పిలిచి అరవలేదు. "నీకు తెలిసింది చెప్పావు. ఎవరడిగారు?" అంది. అంతే. ఆ మాట నాకు కాదు కదా అని అప్పుడు నేను పట్టించుకోలేదు. అది నా కోసమే అన్నట్టుగా తర్వాత నాకు రుమైథియాలో పనికొచ్చింది.

దూది దొంగ

రుమైథియాలో ఒక వ్యాపారి ఇల్లు. ఆయన తల్లి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, చూసుకోవడానికి నన్ను ఆసుపత్రి నుంచి మాట్లాడుకున్నారు. మామా అంటే మనకు మేనమామ. అక్కడ పనిమనుషులకు యజమానురాలు. కోడలు మామా అయితే ఈ ముసలావిడ పెద్ద మామా. చక్రాల కుర్చీలో కూర్చునే ఇల్లంతా ఏలేది. నాతో హిందీలో మాట్లాడేది. పాతకాలంలో కువైట్ వ్యాపారులకు బొంబాయే పెద్ద బజారు, వాళ్ళ చేతుల్లో తిరిగేవి మన రూపాయలే. ఆవిడ పెళ్ళైన కొత్తలో బొంబాయిలో కొన్నేళ్ళు ఉంది. నన్ను "సిస్టర్" అని పిలిచి, నేను చేసే ప్రతి పనికీ వంక పెట్టేది. నాకు నచ్చింది.

ఆ ఇంట్లో నాకంటే ముందు నుంచీ ఉన్న మనిషి లక్ష్మీదేవి. రాయచోటి దగ్గర పల్లె. వంటా తనదే, పెద్ద మామా మంచం పక్కన చాప మీద పడుకునేదీ తనే.

నేను చేరిన కొద్ది రోజులకే డ్రెస్సింగ్ కోసం తెచ్చిన దూది తరిగిపోవడం మొదలైంది. కాస్త కాస్త కాదు, గుప్పెడు గుప్పెడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం వంటింట్లోకి వెళితే లక్ష్మీదేవి నేల మీద కూర్చుని, మోకాలి మీద నా దూదిని వత్తులు చేస్తోంది.

"ఏంటే ఇది? గాయం కట్టడానికి తెచ్చిన దూది!"

"నాకు గాదక్కా, పెద్ద మామాకు. ఈ పొద్దు శుక్రారం గదా" అంది, నేనే ఏదో తెలియనిదాన్నయినట్టు.

పొద్దు వాలే ముందు పెద్ద మామా గదిలో చూశాను. రెండు గాజు గిన్నెలు. సగం నీళ్ళు, పైన నూనె, నూనె మీద తేలే వత్తులు. పెద్ద మామా కుర్చీలోంచి వంగి రెండూ వెలిగించింది. దీపాల మీదుగా చేతులు తిప్పి, అరచేతులతో కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. వెనకాల లక్ష్మీదేవి చేతులు జోడించి నిలబడింది.

ముస్లింల ఇంట్లో ఈ దీపమేమిటని నేను బిత్తరపోతే, లక్ష్మీదేవికి ఏ సందేహమూ లేదు.

"మామా ముందు జన్మలో మన తిరుపతి మనిసక్కా. శుక్రారం దీపం పెడతాది. శనివారం పొయ్యి ముట్టదు, అగ్గిపుల్ల గియ్యదు, లైటు గూడా నన్నే ఎయ్యమంటాది. శుక్రారం వండిందే తింటాది. ఎంకటేసుర సామి ఒక్కపొద్దు గాకపోతే ఇంకేందిది?"

వాళ్ళ ఊళ్ళో శనివారం వేంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటారు. ఆమె లెక్క అన్ని వైపులా సరిపోయింది. లక్ష్మీదేవి తన స్వామి పటాన్ని మొదట్లో పెట్టె అడుగున దాచుకుని పెట్టెకే మొక్కేదట. ఒకరోజు పెద్ద మామా చూసి, "పెట్టెలో దేవుడికి ఊపిరి ఆడుతుందా?" అని తన బట్టల బీరువాలో కింది అర ఖాళీ చేసి ఇచ్చింది. చుట్టాలొస్తే తలుపు మూసెయ్యమంది. అప్పట్నుంచి లక్ష్మీదేవికి ఇద్దరూ ఒకే మొక్కు మీద ఉన్నారన్న నమ్మకం బలపడిపోయింది.

నేనేమో ఆ దీపాల జోలికి వెళ్ళేదాన్ని కాదు. మా అమ్మ దీపావళికి ఒక్క ప్రమిదను కూడా మా గడప తొక్కనిచ్చేది కాదు. బైబిలు సగం నోటికొచ్చిన క్రైస్తవుల ఇంటి పిల్లను. అయినా ఆ రెండు దీపాలూ, ఆ శనివారాలూ ఏమిటో నాకు తట్టలేదు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను. కోడలు శుక్రవారం సాయంత్రాలు ఆ గదివైపు వచ్చేది కాదు. కొడుకు మాత్రం ఆలివ్ నూనె సీసా తెచ్చి, మాట్లాడకుండా బల్ల మీద పెట్టి పోయేవాడు.

ఆగస్టు

ఆ ఎండాకాలం కొడుకూ కోడలూ పిల్లలతో ఈజిప్టు వెళ్ళారు. పెద్ద మామాకు ప్రయాణం కుదరదు కాబట్టి మేం ముగ్గురం మిగిలాం. అప్పుడే ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. పొద్దున్నే లేచేసరికి సముద్రం వైపు పొగ, వీధి చివర ట్యాంకు. ఫోన్లు పోయాయి. బజారులో బియ్యం, పాలపొడి మాయమయ్యాయి.

మనవాళ్ళందరూ బస్సులెక్కి బస్రా, బాగ్దాదు మీదుగా జోర్డాన్ పోవడం మొదలుపెట్టారు. ఫహాహీల్‌లో ఉన్న లక్ష్మీదేవి మేనమామ కొడుకు వచ్చి మా ఇద్దరినీ రమ్మన్నాడు. నేనెందుకు ఉండిపోయానంటే, నన్ను దేవతను చేయకండి. ఆ ఎడారి దారంటే సగం భయం. మిగతా సగం, ఆవిడకు పక్క తిప్పడానికి ఇంకెవరూ లేరు. లక్ష్మీదేవికి ఈ సగాలూ పావులూ ఏమీ లేవు.

"ముసిల్దాన్ని ఇడిసిపెట్టి యాడికి పోతాంరా? నువ్వు పో, మాయమ్మకు చెప్పు నేను బాగుండానని" అని అతన్ని పంపేసింది.

పక్కింటావిడ ఉమ్ ఖాలిద్, అంటే ఖాలిద్ తల్లి. పెద్ద మామా వయసుకు కాస్త చిన్నది. కువైట్ మట్టిగోడల ఊరుగా ఉన్నప్పటి నుంచీ ఇద్దరికీ స్నేహం. ఆవిడ ఒకరోజు వెనక గుమ్మంలోంచి వచ్చి, లక్ష్మీదేవి బట్టలారేయడానికి మేడ మీదికి పోయేదాకా ఆగి, వంటింట్లో నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, నీకు చెప్పకపోతే ప్రమాదం. ఈవిడ యూదుల బిడ్డ. మా తరం వాళ్ళందరికీ తెలుసు. ఎవరం నోరెత్తం. కానీ వచ్చినవాళ్ళు మా వాళ్ళు కాదు. బాగ్దాదులో వీళ్ళు యూదుల్ని గూఢచారులని చెప్పి నడిబజారులో ఉరితీశారు. ఎవరైనా అడిగితే ఈవిడ మా ఆయన చెల్లెలు. సరేనా? ఆ దీపాలు మాత్రం ఎవరి కంటా పడనీకు."

యూదులు, శుక్రవారం పొద్దు వాలగానే మొదలై శనివారమంతా నిప్పు ముట్టని సబ్బాతు, ఆ దీపం. చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో చదువుకున్నదంతా అప్పుడొచ్చి వరసగా నిలబడింది. తెలిసిన సంగతి నెత్తిన పిడుగులా పడిందనే కంటే, నా మొద్దుతనానికి నాకే సిగ్గేసిందంటే సరిపోతుంది.

మధ్యాహ్నాల కబుర్లు

తెలిసిపోయిందని దాచలేదు. ఆవిడకు స్పాంజి పట్టేటప్పుడు అడిగేశాను. బయటికి పోయే దారి లేదు, టీవీలో ఇరాక్ అధ్యక్షుడి ముఖం తప్ప ఏమీ లేదు. అలా ఎన్నో మధ్యాహ్నాలు పెద్ద మామా నాకు తన కథ చెప్పింది.

"మా నాన్న బస్రా నుంచి పడవలో వచ్చి ఇక్కడ బట్టల కొట్టు పెట్టాడు. బజారులో మావాళ్ళవి ఒక వరస కొట్లుండేవి. ప్రార్థనకు ఒక చోటుండేది. శనివారం మా కొట్టు మూసుంటే పక్క కొట్టు ముస్లిం పెద్దాయన బేరగాళ్ళను రేపు రమ్మని చెప్పి పంపేవాడు. శుక్రవారం ఆయన మసీదుకు పోతే మా నాన్న ఆయన కొట్టు చూసేవాడు."

"అయితే బాగానే చూసుకున్నారన్నమాట."

"బాగా చూసినవాడు బాగా చూశాడు" అని ఆవిడ మూతి విరిచింది. "మా తాతల కాలంలో మాకు వేరే పన్నుండేది. దారిలో పెద్దమనిషి ఎదురైతే పక్కకు తప్పుకోవాలి. మా నాన్న రోజులకు పన్ను పోయింది, తప్పుకునే అలవాటు పోలేదు. ఏలేవాడు మంచివాడైతే వీధి మధ్యన నడిచాం. కాకపోతే గోడ వారగా నడిచాం. బాగ్దాదులో ఒకసారి మావాళ్ళ ఇళ్ళ మీద పడి దోచుకుని, చంపారు. మా పిన్ని తలుపు పగలగొట్టడానికి వచ్చినవాళ్ళు ముస్లింలు. ఆ తలుపుకు అడ్డంగా కర్ర పట్టుకు నిలబడిన పక్కింటావిడా ముస్లిమే. నన్ను ఎవర్ని తిట్టమంటావు, ఎవర్ని పొగడమంటావు?"

ఆ పక్క కొట్టు పెద్దాయన కొడుకునే ఈవిడ చేసుకుంది. ముస్లింలలో మగవాడు యూదుల పిల్లను చేసుకోవచ్చు, ఆమె మతం మారనక్కర్లేదు. ఆయన మారమని ఎప్పుడూ అడగలేదు. తర్వాత కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆవిడ బంధువుల్లో కొందరు బొంబాయి పోయారు, కొందరు బాగ్దాదు పోయి అక్కణ్ణుంచీ వెళ్ళగొట్టబడ్డారు. ఈవిడ భర్త కోసం ఉండిపోయింది. అటు యూదులకూ అరబ్బులకూ యుద్ధాలు మొదలయ్యాక రేడియోలో ఆ జాతి పేరే తిట్టు అయింది.

"ఒక శుక్రవారం ఆయన వచ్చి, దీపం మానొద్దు, కిటికీ మూసుకో అన్నాడు. అప్పట్నుంచీ ఆ కిటికీ మూసే ఉంది" అంది పెద్ద మామా.

తలనూనె

నేను నర్సును. రోగి ప్రాణం కాపాడడం నా పని. అందుకని ఈ గొడవ తీరేదాకా దీపాలు వద్దని తేల్చి చెప్పాను. ఆవిడ వాదించలేదు. ఆ శుక్రవారం దీపం లేదు. శనివారం ఆవిడ నోరు తెరవలేదు. ఆదివారం జావ చెంచా నోటి దగ్గర పెడితే ముఖం తిప్పేసుకుంది. బలవంతం చేస్తే కింద పారబోసింది.

లక్ష్మీదేవి నా మీద పడింది. "శుక్రారం దీపం ఆపుతారాక్కా ఎవురన్నా? అసలే దినాలు బాగలేవు. నీ ఏసు సామి ఒప్పుకోకుంటే నువ్వు పక్క గదిలో కూచో. నేను పెడతా."

ఆమెకు నిజం చెప్పేద్దామని నాలుక చివరిదాకా వచ్చింది. ఇది నీ స్వామి మొక్కు కాదు, ఇందులో ప్రాణం పోయే సంగతుంది అని చెబితే తను కూడా జాగ్రత్తపడుతుంది కదా అనుకున్నాను. మరి చెబితే? లక్ష్మీదేవి ముఖం అద్దం లాంటిది. భయం, ప్రేమ, ఆకలి అన్నీ అందులో కనిపిస్తాయి. తుపాకీ పట్టుకున్నవాడు ఎదురుగా నిలబడి అడిగితే ఆ ముఖం దాచలేదు. ఎవరడిగారు అన్న హెడ్ నర్సు మాట అప్పుడు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

చివరికి నేనే దిగొచ్చాను. తెరలు దించి, తలుపు గడియ పెట్టి, ఇక శుక్రవారం పొద్దు వాలే వేళ కొద్ది నూనెతో వెలిగించుకోమన్నాను. ఆవిడ ఆ పూటే గిన్నెడు జావ తాగింది. ఈ పనిలో మందులకు లొంగని జబ్బులు కొన్ని ఉంటాయని పుస్తకాల్లో రాయరు.

ఇంతలో ఆలివ్ నూనె అయిపోయింది. బజారులో ఏ నూనే లేదు, వంటకున్నది వంటకే చాలదు. లక్ష్మీదేవి తన పెట్టెలోంచి ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె సీసా తీసింది. తలకు రాసుకునేది. జడంటే ఆమెకు ప్రాణం. "జుట్టుదేముంది, మల్లా నిగనిగలాడతాది" అని గిన్నెల్లో పోసింది. గదంతా మన ఊళ్ళ బడిపిల్లల జడల వాసనొచ్చింది. పెద్ద మామా ముక్కు చిట్లించి, "నా దేవుడు ఈ వాసనకు తుమ్ముతాడు" అంది. అయినా వెలిగించింది.

ఆ శుక్రవారం

సైనికులు ఇళ్ళు వెతుకుతున్నారు. దాక్కున్న అమెరికన్లూ ఇంగ్లీషువాళ్ళూ, తుపాకులూ దొరుకుతాయేమోనని. దొరక్కపోతే టీవీలైనా దొరుకుతాయి. మా వీధికి వాళ్ళు సరిగ్గా శుక్రవారం సాయంత్రమే వచ్చారు.

దీపాలు అప్పుడే వెలిగాయి. లక్ష్మీదేవి వంటింట్లో ఉంది. గేటు దబదబా కొట్టారు. దీపాలు ఆర్పబోతే పెద్ద మామా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒకసారి వెలిగించాక వాళ్ళలో ఆర్పకూడదు. "మామా, మీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. ఆవిడ వదల్లేదు. తుంటి విరిగిన ముసలావిడకు అంత బలం ఎక్కడిదో నాకు తెలియదు. ఆ పెనుగులాటలో గది గడియ పెట్టనే లేదు, అంతలో వీధి తలుపు గడియ ఊడింది.

ముగ్గురు లోపలికొచ్చారు. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక నెరిసిన మీసాల ఆఫీసరు. కుర్రాళ్ళు హాల్లో వీడియో ప్లేయరు వైర్లు పీకే పనిలో పడ్డారు. ఆఫీసరు నేరుగా ఈ గదిలోకి వచ్చాడు. నేను నా తెల్ల డ్రెస్సులో గోడకు అంటుకుపోయి, "పేషెంట్... కాలు విరిగింది" అన్నాను.

నోరు విప్పవద్దని నేను బతిమాలి చెప్పిన పెద్ద మామా అతన్ని కిందా మీదా చూసి, "ఏ ఊరు నాయనా మీది?" అంది.

"బస్రా."

"నువ్విలా బూట్లతో ఆడవాళ్ళ గదిలో దూరుతున్నావని మీ అమ్మకు తెలుసా?"

అతను చిన్నపిల్లాడిలా ఒక అడుగు వెనక్కి వేశాడు. అప్పుడే అతని కళ్ళు బల్ల మీద పడ్డాయి. రెండు గిన్నెలు, రెండు వత్తులు. దగ్గరికెళ్ళి వంగి చూశాడు.

"మా చిన్నప్పుడు మా వీధిలో ఒక ఇంట్లో ఇలాగే పెట్టేవాళ్ళు. శుక్రవారం, పొద్దు వాలుతుండగా. వాళ్ళెవరో నాకు తెలుసు" అన్నాడు మెల్లగా. తర్వాత నావైపు తిరిగాడు. "ఇవెవరివి?"

నేను ఏం చెప్పాలనుకున్నానో ఇప్పటికీ గుర్తు లేదు. ఆలోపే గుమ్మంలోంచి లక్ష్మీదేవి గొంతు వచ్చింది.

"హాదా మాల్ అనా! అనా హిందూ. కుల్ జుమా."

ఇవి నావి, నేను హిందువుని, ప్రతి శుక్రవారం పెడతాను అని. చేతికి పిండి అంటుకునే ఉంది. కోపంగా ఉంది కూడా, పూజ దగ్గరికి బూట్లేసుకుని వచ్చాడని. సూటిగా బీరువా దగ్గరికెళ్ళి తలుపు తెరిచింది. కింది అరలో వేంకటేశ్వరస్వామి పటం, ఎండిన పూల దండ, కుంకుమ భరిణె. భరిణె తీసి రెండు గిన్నెలకూ బొట్టు పెట్టింది. చేతులు జోడించి, "గోవిందా, గోవిందా" అని పైకే అంది. ఆమె ముఖంలో ఎక్కడా అబద్ధం లేదు. ఎలా ఉంటుంది? ఆమె చెప్పిందంతా ఆమెకు నిజం.

ఆఫీసరు పటాన్ని చూశాడు. మళ్ళీ దీపాల మీదికి వంగాడు. ముక్కుతో గట్టిగా వాసన పీల్చాడు. ఆ తర్వాత లక్ష్మీదేవి జడను చూశాడు. అతని మీసాల కింద ఏదో కదిలింది.

"హిందీవాళ్ళ తలనూనె" అన్నాడు. అక్కడ మన దేశంవాళ్ళందరూ హిందీవాళ్ళే. "వాళ్ళు దీపంలో ఇది పోయరు."

గుమ్మం దగ్గర ఆగి పెద్ద మామాతో, "ఉంటానమ్మా. కిటికీ తెర సరిగా వేసుకోండి, వెలుగు బయటికి కనబడుతోంది" అన్నాడు. కుర్రాళ్ళను పిలిచాడు. వీడియో ప్లేయరూ, రేడియోనూ పట్టుకుని ముగ్గురూ పోయారు.

అతను నమ్మాడా, నమ్మినట్టు నటించాడా? ఎన్నోసార్లు ఆలోచించాను, తేలలేదు. తేలాల్సిన అవసరం కూడా లేదని ఇప్పుడనిపిస్తుంది.

గేటు మూసిన చప్పుడు వినగానే నేల మీద కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వాను. అంత హాయి నా జన్మలో మళ్ళీ ఎరగను. లక్ష్మీదేవికి నా ఏడుపు అర్థం కాలేదు. "వీడియోనే గదక్కా పోయింది, పోనీలే" అని నా వీపు నిమిరింది.

పెద్ద మామా ఆమె పిండి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. నావైపు చూసి, "పిల్ల అబద్ధమేం చెప్పలేదు సిస్టర్. నూనె దానిదే. దూది నీది. నాదేముంది, అగ్గిపుల్ల" అంది.

కుంకుమ బొట్లు తుడవబోతే వద్దంది. ఆ గిన్నెలకు చివరిదాకా అవి అలాగే ఉన్నాయి.

కువైట్‌కు విడుదలొచ్చాక కొడుకు పరుగెత్తుకొచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకున్నాడు. "చిక్కిపోయావు" అని ఆవిడే అతన్ని తిట్టింది. మా ఇద్దరి చేతుల మీదుగానే ఆవిడ ఇంకొన్నేళ్ళు బతికి, నిద్రలో పోయింది. వీపు మీద ఒక్క పుండు లేదు. నా వృత్తిలో నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

రాయచోటి

ఆ ఇంటి గుట్టు నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈ మధ్య కొడుకు ఫోను చేసినప్పుడు అడిగాను. ఆయనా ముసలివాడైపోయాడు. "చెప్పు సిస్టర్, మా మనవలకే తెలియదు, వాళ్ళూ వినాలి" అన్నాడు. ఆయన సరేనన్నాకే, పేర్లు మార్చి ఇదంతా రాస్తున్నాను. మొదట చెప్పాల్సింది మాత్రం లక్ష్మీదేవికి అనిపించి, వేలూరులో కంటి ఆపరేషన్ చేయించుకుని వస్తూ దారి మళ్ళి రాయచోటి దగ్గర ఆమె పల్లెకు వెళ్ళాను.

అది శుక్రవారమే. పొద్దు వాలుతోంది. లక్ష్మీదేవి జుట్టు తెల్లబడినా జడ అలాగే లావుగా ఉంది. స్వామి పటం ముందు రెండు గాజు గిన్నెలు, సగం నీళ్ళు, పైన నూనె, తేలే వత్తులు. వెలిగించి, వాటి మీదుగా చేతులు తిప్పి, అరచేతులతో కళ్ళు మూసుకుంది. పక్కన ఆమె కోడలు కూడా అచ్చం అలాగే చేసింది.

"మీ ఊళ్ళో అందరూ ఇలాగే పెడతారా?" అని ఆ కోడల్ని అడిగాను.

"లేదు పెద్దమ్మా, మా అత్తోళ్ళ ఇంటి ఆచారం" అంది ఆ పిల్ల.

నేను లక్ష్మీదేవిని పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. పెద్ద మామా యూదుల మనిషని, అది వాళ్ళ సబ్బాతు దీపమని, ఆ రోజు తను ఆవిడ ప్రాణం కాపాడిందని. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని విన్నది.

"యూదులంటే ఎవురక్కా?"

"మా బైబిల్లో ఉంటారే, మోషే, దావీదు. ఏసు ప్రభువు పుట్టిన జాతి."

లక్ష్మీదేవి దీపాలవైపు తిరిగింది.

"అంటే మీ ఏసు సామి వాళ్ళమ్మ గూడా శుక్రారం పూట ఇట్లనే దీపం పెట్టిండాల గదా?"

ఇన్నేళ్ళ ఆదివారాల్లో ఏ పాస్టరూ నాతో ఆ మాట అనలేదు. నాకై నాకూ తోచలేదు.

"మరి నువ్వేందక్కా!" అని నా భుజం మీద ఒక్కటేసింది. "అన్ని దినాలు పక్కన నిలబడి చూస్తాంటివి. మీ సామి ఇంటి దీపం అది. నాతో పెట్టిచ్చి, ఒక్క వత్తి గూడా ఎయ్యలేదే నువ్వు!"

నవ్వుతూ దూది నా ఒళ్ళో పడేసింది. ఎన్నో గాయాలకు దూది పెట్టిన చేతులు నావి. వత్తి మాత్రం వంకరగా వచ్చింది. లక్ష్మీదేవి దాన్ని లాక్కుని విప్పి, మోకాలి మీద సరిగా చేసి ఇచ్చింది. కోడలు ఇంకో గాజు గిన్నె కడిగి తెచ్చింది. అందులో వేసి నేనే వెలిగించాను.